ఏడవని పిల్లలు

పూర్ణిమ మేడం నన్ను పనిలోంచి తీసేసింది హోలీ అయిన మూడో రోజు. వానలు మొదలయ్యేనాటికి నేను ఆమె మీద పగ తీర్చుకున్నాను. ఎంత బాగా తీర్చుకున్నానంటే, ఎక్కడ ఆపాలో నాకే తెలియలేదు.

శంషాబాద్‌లో విమానాశ్రయం రోడ్డు పక్కనున్న అపార్ట్‌మెంట్లలో వాళ్లది 'ఏ' బ్లాకు, మూడో అంతస్తు. ఆమెది గుంటూరు వైపు. విమానాశ్రయంలో టికెట్లు చూసి సామాన్లు తీసుకునే కౌంటర్లో ఉద్యోగం. భర్త హరిప్రసాద్ సారు బెంగుళూరులో ఉండి, శనివారం వచ్చి సోమవారం తెల్లారకముందే వెళ్లిపోయేవాడు. వాళ్ల పాప తన్వి. ఐదో నెలలో నా చేతుల్లో పెట్టారు. రెండున్నరేళ్లు నేనే పెంచాను. ఈరమ్మ అనడం నోరు తిరగక 'ఈమ్మా' అని పిలిచేది. నేను దిద్దలేదు.

తీసేయడానికి ముందు రోజు పాపకు ఒళ్లు కాలిపోతోంది. దవాఖానకు ఇద్దరం తీసుకుపోయాం. చేతికి సూది గుచ్చాలని నర్సమ్మ వచ్చింది. పాప మేడం ఒళ్లో ఉంది. సూది చూడగానే వెనక్కి విరుచుకుపడి, నా వైపు రెండు చేతులూ చాపి, గుక్కపట్టి ఏడ్చింది. నర్సమ్మ తల కూడా ఎత్తలేదు.

"ఏడుస్తున్నది గద, తల్లికియ్యున్రి పాపను" అంది మేడంతో.

 మేడం లేచి, పాపను నాకిచ్చి, బయటకు వెళ్లి నిలబడింది. పాప నా మెడలో ముఖం దాచుకుని సూది గుచ్చనిచ్చింది. అబద్ధమెందుకు, ఆ క్షణం నాకు గర్వంగానే ఉండింది. అది నా ముఖంలో కనపడిందేమో కూడా.

మర్నాడు పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ జగన్ ఆపాడు.

"అక్కా, నీ పేరు తీసేసిన్రు" అన్నాడు. ఒక ప్లాస్టిక్ కవరు చేతికిచ్చాడు. అందులో నా చెప్పులు, దువ్వెన, మార్చుకునే చీర, టిఫిన్ గిన్నె.

మేడంకు ఫోన్ చేశాను. ఎత్తింది.

"పాపకి నువ్వు మరీ అలవాటైపోయావు ఈరమ్మా. ఇప్పుడే తెంచుకోకపోతే తర్వాత దానికే కష్టం. నీ మీద కోపం ఏమీ లేదు."

"ఒక్కపారి పాపకు చెప్పి పోత మేడం. జర సేపే."

"వద్దు. నిన్ను చూస్తే ఏడుస్తుంది."

ఆమె ఫోన్ పెట్టేసింది. మూడో అంతస్తు బాల్కనీలోంచి "ఈమ్మా, ఈమ్మా" అని పిలుపు వినపడింది. నన్ను చూసి పిలిచిందో, ఊరికే పిలిచిందో తెలియదు. ఎవరో లోపలికి లాక్కుపోయారు. అద్దం తలుపు మూసిన చప్పుడు కింది దాకా వచ్చింది.

కవరు పట్టుకుని కొత్వాల్‌గూడకు నడుచుకుంటూ వచ్చాను. ఆటో ఎక్కాలన్న ధ్యాస కూడా లేదు. ఇంట్లో నా బిడ్డ కవిత డ్యూటీకి తయారవుతోంది. పందొమ్మిదేళ్లు. విమానాశ్రయంలో టిఫిన్లు అమ్మే దుకాణంలో కొత్తగా చేరింది. మా ఆయన పాండు నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు కాబట్టి ఎండాకాలం ఇంట్లో కనపడేది తక్కువ. ఉన్నదంతా మేమిద్దరమే.

"తీసేసింది" అన్నాను.

"ఇంకోకాడ చూస్కో" అని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయింది.

చూసుకున్నాను. కానీ ఇంకోచోట కాదు. మూడు వారాలు జగన్‌తో మంచిగా మాట్లాడి, ఆ గేటు లోపల ఎవరికి ఆయా కావాలో కనుక్కుని, బి బ్లాకులో, అందరూ ఖాలా అంటే పిన్ని అని పిలిచే సలేహా ఇంట్లో చేరాను. వాళ్లది శంషాబాద్‌లో పాత కుటుంబం. కోడలు ఇఖ్రా బడిలో టీచరు. మనవడు ఫహద్‌కు తొమ్మిదో నెల. నా జీతం గురించి ఖాలా ఏదో చెప్పింది, నేను సరే అన్నాను. నాకు కావలసింది ఆ గేటు.

అపార్ట్‌మెంట్ల మధ్యలో పిల్లల పార్కు ఉంది. సాయంత్రం ఐదు గంటలకు కొత్త ఆయా తన్విని అక్కడికి తెస్తుందని తెలుసు. ఐదున్నరకు మేడంను దింపే కారు పార్కు పక్కనే ఆగుతుందని కూడా తెలుసు. ఆ అరగంట నాకు చాలు.

మొదటి రోజు ఫహద్‌ను చంకనేసుకుని జారుడుబండ దగ్గర నిలబడ్డాను. పిలవలేదు. తన్వి నన్ను చూసింది. ఇసుకలో కాళ్లు కూరుకుపోతున్నా పరుగెత్తుకుంటూ వచ్చి నా మోకాళ్లను కరుచుకుంది. కారు ఆగింది. మేడం దిగింది. "అమ్మ వచ్చింది చూడు" అని చేతులు చాపింది. పాప నా చీర వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి ఎత్తుకుపోవాల్సి వచ్చింది. ఆ ఏడుపుకు నాలుగు బాల్కనీల్లోంచి జనం తొంగిచూశారు.

"నువ్విక్కడేం చేస్తున్నావు?" అంది మేడం.

"ఖాలా వాళ్ల బాబును ఆడిస్తున్న మేడం. నేను పిలువలే. అడుగున్రి గామెను."

కొత్త ఆయా అవునన్నట్టు తలూపింది. మేడం ఏడుస్తున్న పాపను భుజానేసుకుని లోపలికి నడిచింది. ఆ సాయంత్రం నేను కడుపునిండా తిన్నాను.

రోజూ అదే జరిగింది. ఏ నిమిషంలో పాపను దగ్గరికి రానివ్వాలో, ఏ నిమిషంలో చెవి వెనక రాస్తే కళ్లు మూతలు పడతాయో నాకు తెలుసు. కారు గేటు దాటే సమయానికి పాప నా భుజం మీద జోగుతూ ఉండేది. అప్పుడు తల్లి వచ్చి లేపి తీసుకుపోవాలి. లేపినప్పుడు ఏడవని పిల్ల ఎక్కడుంటుంది! మేడం పార్కుకు రానివ్వకపోతే, నేను 'ఏ' బ్లాకు మెట్ల దగ్గర ఫహద్‌కు అన్నం తినిపించేదాన్ని. ఖాలా వాళ్ల బాబుకు ఎక్కడ తినిపించాలో చెప్పే హక్కు ఆమెకు లేదు.

ఇంతటితో ఆగినా బాగుండేది.

మా దగ్గర విమానాలు తల మీదుగానే పోతాయి. ఇంతకుముందు విమానం చప్పుడైతే చాలు, తన్విని ఎత్తుకుని చూపించి, "మీ అమ్మ గాడనే ఉన్నది, పొద్దుమీకి వస్తది" అనేదాన్ని. ఏప్రిల్‌లో ఒకరోజు పాప నా ఒళ్లో ఉండగా ఒకటి చాలా కిందుగా పోయింది. పాప అలవాటుగా "అమ్మా" అని వేలు చూపించింది. నేను దాని చెవిలో చెప్పాను:

"అవు. మీ అమ్మ గా విమానం ఎక్కిపోతున్నది. ఇగ రాదు."

పాప నా ముఖంలోకి చూసింది. మళ్లీ పైకి చూసింది. పెదవి వణికింది. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. వచ్చిన తర్వాత రుచిగా ఉంది. మర్నాడు మళ్లీ చెప్పాను. ప్రతి విమానానికీ చెప్పాను. సాయంత్రం అరగంటలో ఎన్ని పోతాయో ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు తెలుసు.

ఇంటికొచ్చి కవితకు చెప్పేదాన్ని. అది అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, మేడం ముఖం ఎలా మాడిందో, పాప ఎలా చెయ్యి విదిలించుకుందో, విమానం మాట కూడా, అన్నీ చెప్పేదాన్ని. కవిత ఊ కొట్టేది కాదు. తిని, పళ్లెం కడిగి పెట్టి, ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లేది. దాని పద్ధతే అంత. చిన్నప్పటి నుంచి నాతో పోట్లాడింది లేదు, అలిగింది లేదు. బుద్ధిమంతురాలని అందరికీ చెప్పుకునేదాన్ని.

మే నెల రెండో వారంలో, నాకు సెలవున్న రోజు, పూర్ణిమ మేడం మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు. రేకుల ఇల్లు పెనంలా కాలుతోంది. కారు దూరంగా ఆపి, చెమటలు కక్కుకుంటూ సందులో నడిచి వచ్చింది. నేను కుర్చీ వేయలేదు. లోపలికి రమ్మనలేదు. గడపలో నిలబడి మాట్లాడాను. ఆమె ఎండలోనే నిలబడింది.

"ఈరమ్మా, మళ్లీ వచ్చెయ్యి. పాప తినట్లేదు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. నన్ను కొడుతోంది, కొరుకుతోంది. నేను తప్పు చేశాను."

"ఏం తప్పు మేడం?"

"నిన్ను అలా పంపించెయ్యకూడదు."

"ఎట్ల పంపిన్రు?"

ఆమె నోటితో చెప్పించాలని ఉంది నాకు. ఆమె చెప్పింది. గేటు దగ్గర కవరు ఇప్పించాననీ, ఒక్కసారి చూడనివ్వలేదనీ, దవాఖానలో నర్సు మాటకు మనసు కుళ్లిపోయిందనీ. చెబుతూ ఏడ్చింది. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

"తల్లెవరో నర్సమ్మకు ఎరుకైంది గానీ మీకే ఎరుకగాలే" అన్నాను. "ఆలోచించి చెప్త. పోన్రి."

అప్పటికే లోపలి నుంచి కవిత చెంబుతో నీళ్లు తెచ్చి ఆమెకిచ్చింది. నేను కోపంగా చూశాను. కవిత నా వైపు చూడలేదు. మేడం నీళ్లు తాగి, చెంబు కవితకే ఇచ్చి వెళ్లిపోయింది.

"ఎందుకిచ్చినవ్ నీళ్లు?"

"ఎండల నిలబడ్డది."

"నిలబడనీ. నన్ను నిలబెట్టలే?"

కవిత చెంబు బోర్లించి పెట్టింది. "ఇంకెన్నొద్దులు చేస్తవమ్మా గిట్ల?"

"నా కడుపు సల్లగయ్యేదాక."

"తొందరగ కానీయ్ మరి" అంది. "ఆ పిల్ల ఇంకో పది దినాలు ఏడుస్తది. తర్వాత ఏడ్వదు."

"నీకేం ఎరుక?"

"ఎరుకే."

అంతే అంది. డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. పిల్లల సంగతి నాకు చెప్పొచ్చింది అనుకున్నాను.

నేను మేడంకు ఫోన్ చేయలేదు. పనికి వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. ఆమె రోజూ ఎదురుచూస్తుందని తెలుసు. అది కూడా నాకు తిండిలాగే ఉండింది.

పది రోజులు కాదు, ఎనిమిది రోజులే పట్టింది. ఆ సాయంత్రం నేను పార్కులోకి వెళ్లేసరికి తన్వి ఇసుకలో కూర్చుని ఉంది. నన్ను చూసింది. పరుగెత్తుకు రాలేదు. చూపు తిప్పుకుని ఇసుక గుప్పిట్లోంచి జార్చుకుంటోంది. అలిగిందనుకుని "తన్వీ" అని మొదటిసారి నేనే పిలిచాను. పలకలేదు. తల మీదుగా విమానం పోయింది. తలెత్తలేదు. కారు ఆగింది, మేడం దిగింది. పాప అటు కూడా చూడలేదు.

తర్వాత లేచి జారుడుబండ ఎక్కింది. పై మెట్టు మీద కాలు జారి, ఇనుప కమ్మీకి గడ్డం తగిలి కింద పడింది. ముగ్గురం పరుగెత్తాం, నేను, మేడం, కొత్త ఆయా. గడ్డం చీలి రక్తం కారుతోంది. గౌను ముందంతా ఎర్రగా అయింది. పాప తనంతట తాను లేచి నిలబడింది. ఏడవలేదు. ముగ్గురిలో ఎవరి వైపూ చెయ్యి చాపలేదు. పక్కకు నడిచి వెళ్లి, కమ్మీ పట్టుకుని, అటు తిరిగి నిలబడింది.

మేడం ఎత్తుకుంటే ఎత్తుకోనిచ్చింది. బొమ్మలాగా.

"ఎంత ధైర్యమో పాపకి" అంది బెంచీ మీదున్న ఒకామె.

నా చంకలో ఫహద్ ఏడుస్తున్నాడు. వాణ్ణి ఊరుకోబెట్టాలన్న ధ్యాస కూడా లేదు. ఆ నిలబడడం నాకు తెలుసు. అటు తిరిగి, దేన్నో పట్టుకుని, ఎవరినీ అడగకుండా నిలబడడం. కవితకు మూడేళ్లప్పుడు మా అత్త దగ్గర వదిలేసి, మెహదీపట్నంలో ఒక ఇంట్లో రాత్రింబగళ్లు ఉండే పనికి పోయాను. నెలకోసారి వచ్చేదాన్ని. ఏడుస్తుందని, అది ఆడుకుంటుంటే వెనక సందులోంచి వెళ్లిపోయేదాన్ని. మొదట్లో చాలా ఏడ్చేదని అత్త చెప్పేది. ఆర్నెల్ల తర్వాత ఒకసారి వచ్చేసరికి దాని చెయ్యి కాలి బొబ్బలెక్కి ఉంది. 'ఏడ్వనేలేదు, మస్తు గట్టిపిల్ల' అంది అత్త. నేను మురిసిపోయాను. అప్పుడు కవిత దర్వాజా పట్టుకుని అటు తిరిగి నిలబడి ఉంది.

ఆ రాత్రి కవిత అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. 

"పడ్డది. ఏడ్వలే" అన్నాను.

కవిత తినడం ఆపలేదు.

"ఏం జేస్తే మళ్ల ఏడుస్తది?"

"నన్నడుగుతున్నవా?" అంది. కొంచెం నవ్వింది. ఆ నవ్వు నేనింతకుముందు చూడలేదు. నా బిడ్డ నవ్వులా లేదు. "చెప్పి పోవాలె. ఏడ్చినా సరే, మొకం చూసి చెప్పి పోవాలె. వస్తనన్న టైముకు రావాలె. ఒక్కరోజు గాదు. అది నమ్మేదాక."

"నమ్ముతదా?"

"చిన్నదే గద. నమ్ముతదేమో."

పెద్దవాళ్ల సంగతి నేను అడగలేదు. తను చెప్పలేదు.

మర్నాడు ఐదున్నరకు పార్కులోకి కాకుండా కారు ఆగే చోటికి వెళ్లాను. మేడం దిగింది. నన్ను చూడగానే ఆమె ముఖంలో ఆశ కనపడింది. పనికి వస్తానని చెప్పడానికి వచ్చాననుకుంది. ఆ ఆశ చూస్తూ చెప్పడం కష్టమైంది. అయినా అంతా చెప్పాను. విమానం మాట కూడా.

"ఏమని చెప్పావు?" అంది. "మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. "మీ అమ్మ గా విమానం ఎక్కిపోతున్నది, ఇగ రాదు అన్న."

ఆమె చేతిసంచి కింద పడింది. తీసుకోలేదు. కొడుతుందనుకున్నాను. కొట్టాలని నేను కోరుకున్నాను కూడా.

"కిటికీ దగ్గరికెళ్లి పైకి చూస్తుంటే విమానాలంటే ఇష్టమనుకున్నాను" అంది నెమ్మదిగా. "మొన్న బొమ్మ విమానం కొనిచ్చాను దానికి. విసిరికొట్టింది. మొండితనం అని తిట్టాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు దానికి టీవీ పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతాను. ఏడుస్తుందని." ఆమె పైన మూడో అంతస్తు వైపు చూసింది. "ఇప్పుడేం చెయ్యాలి? అది చెప్పి పో."

కవిత చెప్పినదంతా చెప్పాను. నా మాటగా చెప్పలేదు. మా బిడ్డ చెప్పింది అన్నాను. ఆమె ఒక్కో మాటా శ్రద్ధగా విన్నది. అయిపోయిన తర్వాత సంచి తీసుకుంది.

"రేపటి నుంచి ఈ గేటు లోపల కనపడ్డావంటే ఊరుకోను" అంది.

ఆమె నేరుగా బి బ్లాకుకు వెళ్లింది. అరగంట తర్వాత సలేహా ఖాలా నన్ను పిలిచి, నా చేతుల్లోంచి ఫహద్‌ను తీసుకుంది.

"గామె చెప్పిందంత సచ్చేనా ఈరమ్మా?"

"నిజమే ఖాలా."

"మనుషుల మీద కోపముంటే మనుషులతోని కొట్లాడాలె. పసిదాని దిల్‌ల చెయ్యి పెడ్తవా?" ఖాలా కళ్లలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. మనవడిని గుండెకు గట్టిగా అదుముకుంది. "నిన్ను నేను పాపం అని ఇంట్లకు రానిచ్చిన. నా ఫహద్‌ను ఇగ నీ చేతుల పెట్టలేను. పో."

వాడు నా వైపు చేతులు చాపాడు. నేను వాడి ముఖం చూసి, "పోతున్న బిడ్డా, ఇగ రాను" అని చెప్పి వచ్చాను. వాడికేం అర్థమవుతుంది. అయినా చెప్పాను.

జూన్‌లో వానలు పడ్డాయి. గగన్‌పహాడ్‌లో డబ్బాలు ప్యాక్ చేసే పనికి కుదిరాను. అక్కడ పిల్లలుండరు. ఒకరోజు శంషాబాద్ బస్‌స్టాండులో జగన్ కనపడ్డాడు.

"'ఏ' బ్లాకు మూడో అంతస్తు పాప ఎట్లున్నదిరా?" అని అడిగాను.

"అమ్మో, పొద్దుగాల గామె కారెక్కేదాక బిల్డింగంత ఒకటే ఏడుపు అక్కా. గామె ఎత్తుకొని కిందిదాక తెచ్చి, ఏదో చెప్పి, ఏడుస్తున్న పిల్లను ఆయా చేతికిచ్చి పోతది. సాయంత్రం పాప గేటుకాడనే నిలబడ్తది."

"రోజూ ఏడుస్తదా?"

"రోజూ."

నేను బస్సెక్కి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పక్కనున్నామె ఏమైందని అడిగింది. ఏం లేదన్నాను.

అదే వారం కవిత పెట్టె సర్దుకుంది. దుకాణం వాళ్ల హాస్టల్లో ఉంటానంది. డ్యూటీకి దగ్గరట. కొత్వాల్‌గూడ నుంచి విమానాశ్రయం ఎంత దూరమో మా ఇద్దరికీ తెలుసు. "బిడ్డా, ఎందుకు?" అన్నాను. "దగ్గరైతది" అంది మళ్లీ. పెట్టె పట్టుకుని ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తుందేమోనని చూశాను.

మూడు ఆదివారాలు రాలేదు. నాలుగో ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. కూర బాగుందంది. నాన్న ఎట్లున్నడు అని అడిగింది. సాయంత్రం చెప్పులేసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూశాను, ఆగలేదు. పందొమ్మిదేళ్లలో దాని ముందు నేను ఏడవడం అదే మొదలు. గోడకు చేరగిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

కవిత నన్ను కాసేపు చూసింది. దగ్గరికి రాలేదు. చెప్పులు విడవలేదు. గడప మీద కూర్చుంది.

"ఏడ్వు" అంది. "ఆరింటికి పోవాలె నేను. గప్పటిదాక ఉంట."

ఆరింటి దాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. ఆరు కాగానే లేచింది. నా ముఖం చూసింది.

"పోతున్న. వచ్చే ఆదివారం పదకొండింటికొస్త."

ఆ ఆదివారం నేను పదింటికే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. పదకొండైంది. పదకొండుంబావు అయింది. వచ్చిన ప్రతి ఆటో దగ్గరికీ వెళ్లి లోపలికి తొంగిచూశాను. వానలో తడుస్తున్నావేందని ఎవరో కేక వేస్తే, నా బిడ్డ వస్తుందని చెప్పాను.  పదకొండున్నర దాటాక కవిత ఆటో దిగింది. తడిసిన నన్ను కిందనుంచి పైదాకా చూసి, గొడుగు విప్పి నా చేతికిచ్చింది. ఆలస్యం ఎందుకైందో చెప్పలేదు.

కావాలనే చేసిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.